చదువరి చేతి మీట

భరతుని నాట్యశాస్త్రము మొదటి అధ్యాయమున దేవతల కోరిక యొకటి కలదు. ఇంద్రాదులు బ్రహ్మను సమీపించి, కంట చూడదగినదియు చెవిని వినదగినదియు నగు ఒక ఆటవస్తువు తమకు కావలెనని వేడిరి. నాట్యము అట్లు పుట్టినది. అచట ప్రయోగింపబడిన మాట ‘క్రీడనీయకము’. పిల్లవాని చేతి బొమ్మకును ఆ మాటయే చెల్లును. తరువాతి ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు రెండుగా విడదీసి, ఆటవస్తువు సంగతి మరచిరి. అచ్చుయంత్రము వచ్చిన పిదప శ్రవ్యకావ్యము పేరునకు మాత్రమే శ్రవ్యమై నిలిచినది. ప్రబంధము మొదలు నవల వరకు సమస్తమును పెదవి కదపకుండ చదువుకొనుట చదువరికి అలవాటైనది.

అంతర్జాలపు పుట ఈ విభాగమును తారుమారు చేసినది. అక్షరము, కంఠధ్వని, కదలు బొమ్మ మూడును ఒకే పుటపై చేరినవి. నాలుగవదియు ఒకటి చేరినది: అది చదువరి చేయి. నాటకశాలలో ప్రేక్షకుని చేతికి చప్పట్లు కొట్టుట తప్ప వేరు పని లేదు. ఈ పుటయందు చేయి కదలనిదే కథ కదలదు. మీట నొక్కినప్పుడే గొంతు పలుకును. వ్రేలు జరిపినప్పుడే కొండ కనబడును. భరతుని మాట పిల్లవాని బొమ్మకు చెల్లినట్లు కావ్యమునకు చెల్లుట బహుశః ఇప్పుడే. ఇట్టి బహుమాధ్యమ రచనలను గూర్చి యంత్రశాస్త్రజ్ఞులు చాల వ్రాసిరి. సాహిత్యదృష్టితో వానిని తూచి చూచిన వ్రాతలు తెలుగున స్వల్పము. అవి సాహిత్యమా కావా యను వాదమున ప్రయోజనము లేదు. వానిలో ఏది మంచి రచన, ఏది కాదు, ఎందువలన కాదు అనునదియే విమర్శకు పని.

మొదట తేల్చుకొనవలసినది కాలమును గూర్చిన చిక్కు. చదువుటకు పట్టు కాలము చదువరి సొత్తు. ఒక వాక్యము వద్ద అతడు అరగంట ఆగవచ్చును. నచ్చని పేరాను కంటితో దాటవచ్చును. వెనుకకు మరలి, ఇంతకుముందు పొరబడితినని తెలిసికొనవచ్చును. ధ్వనికిని చలనచిత్రమునకును గల కాలము వానిదే. పాట మూడు నిమిషములైనచో మూడు నిమిషములును కూర్చుండవలెను. రెప్పవాల్చిన క్షణమున జారిన మాట జారినదే. ఈ రెండు కాలములును ఒక పుటపై ఇరుగుపొరుగై కాపురముండవలసి వచ్చినది. వీని నడుమ తగవు సహజము. బహుమాధ్యమ రచనలోని శిల్పమంతయు ఈ తగవు తీర్చుటయందే కలదనిన అతిశయోక్తి కాదు. పెక్కు రచనలు తగవును తీర్చవు. ఉన్నదని గుర్తింపనైన గుర్తింపవు.

ఈ జాతి రచనలలో మిక్కిలి పేరుపడినది న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2012 డిసెంబరులో తన వెబ్ పుటలపై ప్రకటించిన ‘స్నో ఫాల్’. రచయిత జాన్ బ్రాంచ్. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, కాస్కేడ్ పర్వతములలో టన్నెల్ క్రీక్ అనుచోట 2012 ఫిబ్రవరిలో హిమపాతము విరుచుకొనిపడి, మంచుపై జారుచు దిగుచున్న బృందములో ముగ్గురు మరణించిరి. ఆ ఉదంతమును ఆరు భాగముల వచనముగా వ్రాసి, నడుమ నడుమ చలనచిత్రములు, పటములు, ఛాయాచిత్రమాలికలు పొదిగిరి. 2013లో దానికి పులిట్జర్ బహుమానము లభించినది. ఆ పిదప కొన్నియేండ్ల పాటు లోకములోని పత్రికలన్నియు అట్టిదే ఒకటి తమకును కావలెనని ఆరాటపడినవి.

బ్రాంచ్ వచనము బలమైనది. మంచు క్రింద చిక్కిన మనిషికి పైదేదో క్రిందిదేదో తెలియని స్థితిని అతడు మాటలతోనే కట్టి చూపగలిగెను. పుట తెరవగానే గాలికి ఎగురు మంచు మెల్లగా కదలుచుండును. అది నిశ్శబ్దము, ఎడతెగనిది, చదువుటకు అడ్డము రానిది. ఇంకొకచోట చదువరి వ్రేలు పుటను జరుపుచుండగా కొండ అంచుల మీదుగా ఎగిరినట్లు దృశ్యము సాగును. ఏ వాలు ఎటు దిగుచున్నదో, ఎవరు ఎచట నిలిచిరో మాటలతో చెప్పబోయిన రెండు పుటలు పట్టును, అయినను స్పష్టపడదు. అచట చిత్రము మాట చేయలేని పని చేసినది. కాని బ్రతికి బయటపడినవారు కుర్చీలో కూర్చుండి మాటలాడు దృశ్యఖండికల సంగతి అట్లు కాదు. రచయిత వారి నోటి నుండి విని, వడగట్టి, వాక్యముగా మలచిన దానినే వారు మరల చెప్పుచున్నట్లు కొన్ని తావుల తోచును. చదువరి రెండుసార్లు విన్నవాడగును. రెండవమారు తక్కువ శిల్పముతో విన్నవాడగును. మీట నొక్కినచో కథాగమనము తెగును. నొక్కనిచో ఏదో విడిచితినను వెలితి మిగులును.

తెలుగు అలంకారశాస్త్రము చదివినవారికి ఈ దోషము క్రొత్తది కాదు. దీని పేరు పునరుక్తి. ఒకే అర్థమును మాటతో చెప్పి, బొమ్మతో చూపి, గొంతుతో వినిపించుట మూడు రెట్ల సంపద కాదు. ఒక అర్థము, రెండు పునరుక్తులు. యంత్రము ఇచ్చిన సౌకర్యమును వాడకపోయిన వృథా యగునను లోభమే దీనికి మూలము. నాలుగు శబ్దాలంకారములు చేతనైన కవి నాలుగింటిని ఒకే పద్యమున కూరినప్పుడు కలుగు విసుగే ఇచటను కలుగును. ఔచిత్యము కావ్యమునకు ప్రాణమని క్షేమేంద్రుడు చెప్పిన మాటకు ఇంతకంటె తగిన తావు వెదకినను దొరకదు.

పునరుక్తికంటె మోటుదోషము ఒకటి కలదు. పుట తెరచినంతనే అడుగకుండ శబ్దము మ్రోగుట. రాత్రివేళ ఇంటివారు నిద్రించుచుండగా కథ చదువబోయినవానికి ఒక్కసారిగా వాద్యఘోష వినబడినచో అతడు కథను కాదు, పుటనే మూసివేయును. దానంతట అది మ్రోగు శబ్దము మూడు క్షణములకు మించినచో ఆపుటకు సాధనము ఉండవలెనని 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ ప్రమాణములు విధించినవి. కంటిచూపు లేనివారు పుటను చదివి వినిపించు యంత్రస్వరముపై ఆధారపడుదురు. పుట స్వయముగా మ్రోగినచో ఆ స్వరము వారికి వినబడదు. పిమ్మట 2017, 2018 సంవత్సరములలో సఫారి, క్రోమ్ వంటి బ్రౌజరులు సశబ్దమగు చిత్రములు తమంతట తాము ఆడుటను చాలవరకు అరికట్టినవి. యంత్రము చేయువారు రచయితలకంటె ముందుగా మర్యాద నేర్చిరని దీనిని బట్టి అనుకొనవలసి వచ్చుచున్నది.

తగవును తెలిసి తీర్చిన రచన ఒకటి కెనడా దేశపు జాతీయ చలనచిత్ర సంస్థ 2011లో వెలువరించిన ‘వెల్‌కమ్ టు పైన్ పాయింట్’. మైకేల్ సైమన్స్, పాల్ షూబ్రిడ్జ్ దాని కర్తలు. పైన్ పాయింట్ ఉత్తర కెనడాలో గనిపని కొరకు వెలసిన ఊరు. గని మూతపడగా 1988లో ఊరును మూసివేసిరి. ఇండ్లను కూల్చిరి, కొన్నింటిని తరలించిరి. ఇప్పుడు అచట ఊరు లేదు. పెరిగిన ఊరు పటముపై లేకుండపోయిన మనుష్యులు తమ జ్ఞాపకములను ఎచట ఉంచుకొందురను ప్రశ్న ఆ రచనకు ఆయువుపట్టు. పోలవరము క్రిందను, అంతకుముందు శ్రీశైలము జలాశయము క్రిందను మునిగిన ఊళ్ళవారికి ఆ ప్రశ్న వివరింపనక్కరలేదు.

ఈ రచనలో కథ చెప్పునది అచ్చు వాక్యమే. గొంతు దాని పనిలోనికి చొరబడదు. శబ్దము వెనుక నిలిచి, మందముగ సాగు సంగీతముగను, ఎవరో దూరమున నవ్వినట్లును వినబడును. బొమ్మలు పాత కుటుంబ వీడియోల నుండి తీసిన కొద్ది క్షణముల తునకలు. ఒకే కదలిక మరల మరల తిరుగుచుండును. ఆ తిరుగుటయే అర్థము. జ్ఞాపకము పూర్తి చలనచిత్రముగా రాదు. చేయి ఊపుచున్న ఒక బాలిక, పరుగెత్తి ఆగిపోవు ఒక కుర్రవాడు, అంతే. అదే తునక ఎన్నిమారులు చూచినను ముందుకు సాగదు. చదువరి తనకు తోచినప్పుడు తరువాతి పుటకు పోవును. అంతవరకు ఆ బాలిక చేయి ఊపుచునే యుండును. కాలము చదువరి వశముననే యున్నది. చిత్రము తన కాలమును విడిచి చదువరి కాలమునకు లోబడినది. రెండు కాలముల తగవును ఇంత సులువుగ, ఇంత దుఃఖభరితముగ తీర్చిన పుట మరియొకటి చూపుట కష్టము.

ఆ సంస్థయే మరుసటియేట, 2012లో, ‘బేర్ 71’ను వెలువరించినది. లీన్ ఆలిసన్, జెరెమీ మెండెస్ నిర్మాతలు, వచనము జె. బి. మెకినన్ వ్రాసెను. బాన్ఫ్ జాతీయవనమున మెడకు పట్టీ తగిలించి గమనింపబడిన ఒక ఆడు గ్రిజ్లీ ఎలుగుబంటి ఇందు కథానాయిక. ఇరువది నిమిషముల పాటు ఒక స్త్రీ కంఠము ఆ ఎలుగై మాటలాడును. కంఠము సాగుచుండగా చదువరి వనము పటముపై తిరుగుచు, దాగియున్న కెమెరాలు పట్టిన మృగముల చిత్రములను తెరచి చూడవచ్చును. ఇచట కాలములు రెండును కలియవు. చెవి ఒక దారిని, చేయి ఒక దారిని పోవును. లేడిపిల్లను చూచుచున్న వేళ ఎలుగు చెప్పిన ముఖ్యమైన మాట జారిపోవును. సామాన్యముగ ఇది దోషమే. కాని ఈ కథకు అది ఒప్పినది. మనుష్యులు వేయి కన్నులతో మృగమును చూచుచున్నారు, ఒక్కరును దాని మాట వినుట లేదు అనునదే కథలోని వేదన. చదువరియు తనకు తెలియకుండ అదే తప్పు చేయుచున్నట్లు కొంతసేపటికి గ్రహించును. రైలు పట్టాలపై ఆ ఎలుగు ముగిసినదని విన్నప్పుడు చేయి ఆగును. అంతవరకు తిరిగినందులకు చేతికి కొంత సిగ్గు కలుగును. అట్లని దీనిని అనుకరింపబోవువారు జాగ్రత్తపడవలెను. ఇది ఒక్కసారికి చెల్లు యుక్తి.

భారతదేశమున ఇట్టి రచనలలో అగ్రస్థానము ఈయదగినది ఆడంబరములేని పుటల వరుస ఒకటి కలదు. అది తిరుగలి పాటల సంపుటి. మహారాష్ట్రమున పల్లెస్త్రీలు తెల్లవారుజామున పిండి విసరుచు పాడు ‘ఓవీ’లను పూనాకు చెందిన హేమా రాయిర్కర్, గీ ప్వాత్వాఁ అను ఇద్దరు సాంఘికశాస్త్రజ్ఞులు 1980 దశాబ్దము నుండి తమ తోడి కార్యకర్తలతో సేకరించిరి. వేయికి పైగా గ్రామములలో, మూడువేలకు పైబడిన స్త్రీల నోట, లక్షకు పైగా పాటలు లేఖనమునకు ఎక్కినవి. సంగీతమును గణితయంత్రముతో పరిశీలించు బెర్నార్డ్ బెల్ 1990 దశాబ్దమున వారితో కలసి, పెక్కు గంటల గానమును ధ్వనిముద్రణ చేయించెను. ప్వాత్వాఁ 2004లోను, రాయిర్కర్ 2010లోను మరణించిరి. 2014లో పి. సాయినాథ్ స్థాపించిన గ్రామీణ భారత ప్రజాభాండారము, జనులు ‘పారి’ అని పిలుచునది, ఆ నిధిని గ్రహించి 2017 నుండి విడతలుగా వెబ్ పుటలపై ప్రకటించుచున్నది.

పుట కట్టు చూచినచో శిల్పమేమున్నదని తోచును. పాడిన స్త్రీ ఛాయాచిత్రము ఒకటి. ఆమె పేరు, ఊరు, తాలూకా, జిల్లా, కులము, బిడ్డల సంఖ్య, పాట ముద్రించిన తేదీ. పాటను గూర్చి ఒక చిన్న పరిచయవ్యాసము. ఓవీల మూలము, అనువాదము. వానితో పాటు ఒక శ్రవ్యఖండిక, కొన్నింట దృశ్యఖండిక. ఇంతే. మీట నొక్కినచో గొంతు వినబడును, ఆపినచో ఆగును.

వినినవారికి సంగతి వేరుగ తెలియును. కాగితముపై ఓవీ రెండు చిన్న పాదములు. తండ్రియింటి దారి, అన్నదమ్ముల ప్రేమ, అత్తింటి దెబ్బలు, పండరిపురపు విఠలుడు, ఒక్కొక్కచోట అంబేద్కరు పేరు. చదువుటకు అరనిమిషము చాలును. గొంతున అదే ఓవీ రెండు మూడు నిమిషములు నడచును. పాదము సగమున తెగి, మొదటికి వచ్చి, నడుమ ‘బాయి’ యని తోటిస్త్రీని పిలిచి, మరల సాగును. ఊపిరి తీయుటకు ఆగు తావు వ్యాకరణము చెప్పిన తావు కాదు. చేయి తిరుగలికొయ్యను దూరమునకు త్రోసి దగ్గరకు లాగుకొను తావు. కొన్ని దృశ్యఖండికలలో వృద్ధస్త్రీలు మరల తిరుగలి ముందు కూర్చుండి పాడుట కానవచ్చును. ఇద్దరు ఎదురెదురుగ కూర్చుండి ఒకే కొయ్యను పట్టినప్పుడు ఒకరు ఎత్తిన పాదమును మరియొకరు అందుకొందురు. మరాఠీ రాని చదువరికిని ఆ ఛందస్సు భుజమున పుట్టినదని కంటి ఎదుట తెలియును. ఏ లక్షణగ్రంథమును దీనిని చెప్పజాలదు. ఇచట పునరుక్తి లేదు. అక్షరము అర్థమును మోయుచున్నది. గొంతు శ్రమను మోయుచున్నది. చిత్రము ఆ రెండింటికి గల బంధమును చూపుచున్నది. మూటిలో ఏ ఒక్కదానిని తీసివేసినను మిగిలిన రెండును కుంటుపడును.

లోపము చెప్పకుండుట న్యాయము కాదు. పెక్కు పుటలలో శ్రవ్యఖండిక ఒకచోట, పాటల పాఠము వేరొకచోట ఉండును. గొంతు ఇప్పుడు ఏ పాదమున ఉన్నదో మరాఠీ తెలియనివాడు కనుగొనలేడు; చెవి ముందుకు పోవును, కన్ను వెనుక వెదకుచుండును. పలుకుచున్న పాదము వెలుగుచు కదలునట్లు చేయుట నేటి యంత్రమునకు పెద్ద పని కాదు. ఇంకొక సంగతి అనువాదకులకు సంబంధించినది. పారి రచనలు తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో వెలువడుచున్నవి. మూలగానము పక్కనే మ్రోగుచుండగా వ్రాయబడు అనువాదము, మూలము లేని చోట వ్రాయు అనువాదమువంటిది కాదు. నాదమును గొంతు ఇచ్చుచున్నది గనుక అనువాదకుడు లయకొరకు అర్థమును వంచనక్కరలేదు. తిన్నని, పొదుపైన వచనము చాలును. అంత్యప్రాసలు బలవంతముగ తెచ్చిపెట్టుకొన్న అనువాదము ఆ గొంతు ప్రక్కన పూసలదండ వేసుకొన్న కూలిమనిషివలె ఎబ్బెట్టుగ నుండును.

తిరుగలి పాటలను చూచినప్పుడు తెలుగు జానపద వాఙ్మయము జ్ఞాపకము రాక మానదు. నేదునూరి గంగాధరము ఊరూర తిరిగి ఏరిన పాటలు ‘మిన్నేరు’ మొదలగు సంపుటములుగ వెలసినవి. బిరుదురాజు రామరాజు పరిశోధన ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ 1958లో గ్రంథమై, ఆ రంగమునకు శాస్త్రీయమగు పునాది వేసినది. ఆ మహనీయుల ఋణము తీరునది కాదు. కాని దంపుళ్ళపాటను అచ్చులో చదువునప్పుడు ‘సువ్వి’ యను మాట వట్టి ఊతపదముగ కంటికి తగులును. రోకలి క్రిందకు దిగినప్పటి ఊపిరి అది యని తెలియుటకు చదువరి ఎన్నడో విని యుండవలెను. విన్నవారి తరము వెనుకబడుచున్నది. రోళ్ళు, తిరుగళ్ళు వాకిటి మూలలకు చేరినవి. ఇంకను పాడగల వృద్ధస్త్రీలు ఉన్న ఊళ్ళు తెలుగుదేశమున కలవు; ఆ పాటకు లక్షలు వ్యయమగు యంత్రము అక్కరలేదు, జేబులోని ఫోను చాలును. చాలనిది ఓపిక. మహారాష్ట్రమున ఆ ఓపిక ముప్పదియేండ్లు పట్టినది.

బహుమాధ్యమము తెలుగువారికి క్రొత్త కాదు, చేర్యాల పటము ఉండనే ఉన్నదిగదా అని సభలలో తరచు వినవచ్చును. మాట నిజమే, కాని అంతటితో ఆగినచో ప్రయోజనము లేదు. గుడ్డపై వ్రాసిన పొడుగాటి పటమును విప్పుచు, కర్రతో ఒక్కొక్క బొమ్మను చూపుచు, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పుదురు. కాకిపడగలవారు ముదిరాజులకు తమ కథ చెప్పుదురు. బొమ్మ, పాట, వచనము, వాద్యము అన్నియు కలవు. కాని కర్ర కథకుని చేతిలో ఉన్నది. అతడు శ్రోతల ముఖములను చూచుచునే యుండును. పిల్లలు కునికినచో ఒక బొమ్మను దాటించును. ముందు వరుసలో ఒక ముసలిది కన్నీరు పెట్టుకొన్నచో ఆ బొమ్మ వద్దనే మరి రెండు చరణములు పాడును. బుర్రకథలో వంత చేయు పనియు అదే. జనులు అడుగదలచిన ప్రశ్నను వంత అడుగును, అర్థముకాని మాటను మరల చెప్పించును, కథ బరువైనచో హాస్యమాడి తేలిక చేయును.

యంత్రమునకు శ్రోత ముఖము కనబడదు. అందువలననే చదువరి చేతికి మీట వచ్చినది. ఆపుట, మరల వినుట, దాటుట, మెల్లగ సాగుమనుట అనునవి కథకుని కంటికి బదులు యంత్రము చదువరికి అప్పగించిన అధికారములు. పాఠకప్రమేయము అనునది యంత్రవైచిత్రికొరకు కాదు. సభలో కథకుడు శ్రోతకు చూపు మర్యాదను పుటలో నిలుపుటకు. మీట చూచినప్పుడు దీనిని వంత యనుకొని వ్రాసిన రచయిత తప్పుదారి పట్టడు. ఎచట శ్రోత అడ్డుతగులునో అచటనే అతడు మీటనుంచును. ఊరక మెరయు మీటలు, నొక్కినచో గిరగిర తిరిగి ఏమియు చెప్పని బొమ్మలు వంతలేని తందానతానలు.

తెలుగు రచయిత వినియోగించుకొనదగిన బలములు రెండు మూడు స్పష్టముగ కానవచ్చుచున్నవి. మొదటిది యాస. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణముల పలుకుబడిని కథలలో పట్టుటకు రచయితలు నూరేండ్లుగ అక్షరములతో పెనుగులాడుచున్నారు. తెలుగు లిపి ధ్వన్యనుసారియే యైనను, మాటను లాగు తీరు, ప్రశ్నను ఎత్తు తీరు లిపికి అందవు. తన కథలోని ఒక సంభాషణను రచయిత తన ఊరివారి గొంతున వినిపింపగలిగినచో అక్షరములపై మోపిన భారము కొంత తగ్గును. సంపూర్ణ కథాపఠనము వేరు. అది పుస్తకమును వినుట. ఇచట కావలసినది నాలుగు వాక్యములు, తగిన తావున. రెండవది పాట. గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ 2021వ సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారమును పొందినది. పాటల పుస్తకమునకు జరిగిన ఆ గౌరవము ఉచితమే. కాని వెంకన్నను సభలో వినినవాడు పుస్తకము తెరచినప్పుడు ఆయన గొంతును తానే మనసున తెచ్చుకొని చదువును; విననివాడు సగమే చదువును. అట్టి కవుల గ్రంథములు గొంతుతో కూడిన పుటలుగ వెలువడవలసి యున్నవి. మూడవది పాత ఆకాశవాణి సంపద. 1938లో మదరాసు కేంద్రమునుండియు, 1948 డిసెంబరు నుండి విజయవాడనుండియు శ్రవ్యనాటిక తెలుగు చెవికొరకు వ్రాయుట రచయితలకు నేర్పినది. ‘ఈమాట’ పత్రిక పాత నాటికలను, ప్రసంగములను, పాటలను కొన్నింటిని వినుటకు వీలుగ వ్యాసములతో జోడించి ప్రకటించుట మెచ్చదగిన పని. తలుపు చప్పుడుతో అంకము మార్చిన ఆ నాటకకర్తల పొదుపు నేటి బహుమాధ్యమ రచయితలకు పాఠ్యగ్రంథము వంటిది.

వ్రాతపని తగ్గునని తలచువారు పొరబడుదురు. ఇట్టి పుటకు వ్రాత పెరుగును. చెవిటివారికొరకు ప్రతి శ్రవ్యఖండికకును పూర్తిపాఠము కావలెను. దృశ్యముపై వచ్చు అక్షరపంక్తి కావలెను. దీనిని గుమాస్తా పనిగ చూచినవారు ‘సంగీతము’ అని వ్రాసి ఊరకుందురు. ఏ సంగీతము? దూరమునుండి వచ్చు డప్పా, ఇంటిలో మ్రోగు పెండ్లిసన్నాయియా? గొంతు ఆగినప్పుడు ఆ నిశ్శబ్దము అలసటయా, అలుకయా? ఒక్క మాటలో చెప్పవలెను, చదివి ముగించుటకు రెండు క్షణములు మించరాదు. ఇది కవి చేయదగిన పని. తిరుగలి పుటలలో ఓవీ పాఠము లేక గొంతు మాత్రమే ఉన్నచో వినలేనివారికి ఆ స్త్రీల మాట చేరియే యుండదు.

ఆయుస్సు సంగతి మిగిలినది. బహుమాధ్యమ రచనల తొలి తరము చాలవరకు ఫ్లాష్ అను సాధనముపై నిర్మింపబడినది. 2005లో కేట్ పుల్లింజర్, క్రిస్ జోసెఫ్ ఆరంభించిన ‘ఇనానిమేట్ ఆలిస్’ తొలిభాగములు అట్టివే. పైన్ పాయింట్ కథయు అట్టిదే. ఆ సాధనమును దాని యజమాని సంస్థ 2020 డిసెంబరు 31తో నిలిపివేసినది; 2021 జనవరి 12 నుండి అందులోని రచనలు ఆడకుండ అడ్డగించినది. రఫుల్ వంటి అనుకరణ యంత్రములచే కొన్నింటిని మరల ఆడింపగలుగుచున్నారు. కర్తలు పూనుకొని తిరిగి కట్టినవి కొన్ని. తక్కినవి మూగబోయినవి. తాళపత్రము మూడువందల యేండ్లు నిలుచుట ఎరిగిన జాతికి ఇది వింతగ తోచును. అయినను తాళపత్రమును కూడ ప్రతితరమున ఎవరో కూర్చుండి మరల వ్రాసినందుననే గ్రంథములు దక్కినవి.

తిరుగలి పాటలు పుట్టినది వెబ్ కొరకు కాదు. రాయిర్కర్, ప్వాత్వాఁలు పాఠమును పాఠముగ వ్రాయించిరి, ధ్వనిని ధ్వనిగ ముద్రింపించిరి. పాడిన స్త్రీ పేరు, ఊరు, తేదీ ప్రతిదానికి వేరుగ గుర్తుపెట్టించిరి. ఏ ఒక్కటియు మరియొకదానిలో కరగిపోలేదు. కావుననే వారిద్దరును గతించిన ఏండ్లకు, వారు చూడని పుటపై ఆ మూడింటిని తెచ్చి ఒకచోట అమర్చుట సాధ్యమైనది.